ఏమీ అడగని పిల్లకిచ్చిన కప్పు

లీడ్స్,
మార్చి మొదటి వారం

ఒసేయ్ మాక్సీన్,

ముందు కూర్చో. చేతిలో టీ ఉంటే కింద పెట్టు. ఎడిన్‌బరో వచ్చింది! అక్కడ ఆగస్టు నాటకాల ఉత్సవం జరిగినన్నాళ్ళూ, రోజూ మధ్యాహ్నం, గేనర్ ప్రోసర్ ఒక్కదాని ఆట. ఇన్నాళ్ళూ పేరున్న కమెడియన్ వచ్చేలోపు జనాన్ని కాస్త వేడెక్కించి దిగిపోవడమే నా బతుకు. యాభై దాటాక మొదటిసారి జనం నాకోసం టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. హాలు ఒక పాత బారు కింద నేలమాళిగట. వాళ్ళు పడకుండా మెట్లు దిగితే చాలు, నేనెలాగూ పడతాను.

అయితే ఒక్కదాన్నే వెళ్ళలేను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పను. నాతో టెమి ఉండాలి. నిరుడు ఒక నాటకం కంపెనీ వాళ్ళు నాకు తోడుగా పెట్టారే, ఆ పిల్ల. రైలెక్కిస్తుంది. కొత్త స్టేజి మీద నన్ను ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించి చూపిస్తుంది. ఆట నడుస్తుంటే నా చెవిలో పెట్టిన చిన్న మిషన్‌లోంచి "రెండో వరసలో ఎర్ర కోటాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు, వదలకండి" అని ఊదుతుంది. కళ్ళున్న కమెడియన్లకి ఉన్నదంతా ఆ పిల్ల వల్ల నాకూ వచ్చింది. ఇప్పుడా నాటకం అయిపోయింది, టెమికి వాళ్ళిచ్చే జీతమూ ఆగిపోయింది. నేను పెట్టుకునే స్తోమత నాకు లేదు.

దీనికే ప్రభుత్వ సాయం ఉందట. పని చేసుకునే మనలాంటివాళ్ళకి తోడు మనిషి జీతమో, టాక్సీయో, మాట్లాడే కంప్యూటరో, ఏది లేక పని ఆగుతుందో అది ఇస్తారు. ఆఫీసుల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళకే అనుకున్నాను. సొంతంగా పని చేసుకునేవాళ్ళకీ ఇస్తారని టెమి పోరి మరీ దరఖాస్తు పెట్టించింది. నిన్న ఆ సాయమిచ్చే ఆఫీసు నుంచి ఎల్ఫిక్ అని ఒకాయన ఫోన్ చేశాడు. టీలో నానిన బిస్కెట్ లాంటి గొంతు.

"ఎవరూ లేకుండా స్టేజి మీదికి ఎలా వెళ్తారండీ?" అన్నాడు.

"నవ్వులు వినిపించే వైపు నడుస్తానండీ. నవ్వులు వినిపించలేదంటే బాత్రూమ్‌లోకి వచ్చానన్నమాట."

నవ్వాడే! నానిన బిస్కెట్ నవ్వింది! "ఎప్పుడైనా స్టేజి మీంచి పడ్డారా?" అంటే, "పడ్డానండీ, ట్రంపెట్ వాయించేవాడి ఒళ్ళో. తర్వాత రెండేళ్ళు కాపురం చేశాం" అన్నాను. ఫోన్ పెట్టేసేసరికి ఆయనకి దగ్గు వచ్చింది పాపం. పని అయిపోయినట్టే.

నీ పియానోలు ఎలా ఉన్నాయి? మీ ఆయన రాయ్ ఇంకా వాన్‌ని బస్సనుకునే నడుపుతున్నాడా?

నీ
గేనర్


లడ్లో,
మార్చి చివర

గేనర్‌కి,

టీ కింద పెట్టలేదు. నీ ఉత్తరం మీద ఒలికింది. బ్రెయిల్ చుక్కలు మెత్తబడి ట్రంపెట్ వాడి సంగతి సగం చదవలేకపోయాను, అదీ మంచిదే.

ఎడిన్‌బరో! వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. రాయ్ ఏదో పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చాడు. మన బ్లైండ్ స్కూల్లో రాత్రి దీపాలార్పాక పడకల మధ్య నిలబడి మన హెడ్‌మిస్ట్రెస్ మిస్ కార్బరీ గొంతు అనుకరించేదానివి. దీపాలతో మనకేం పనని అప్పుడే అడిగిందానివి. నీకిది ఇరవై ఏళ్ళ కిందటే రావలసింది.

కానీ ఒక్క మాట. ఆ ఎల్ఫిక్‌ని ఎందుకు నవ్వించావు? ఇల్లు తగలబడుతోందని ఫైరింజనుకి ఫోన్ చేసి జోకులేస్తే, "ఈవిడ హాయిగానే ఉంది" అని వాళ్ళు పేకాట ఆడుకుంటారు. నాకెందుకో భయంగా ఉంది. నా చాదస్తం అనుకుంటే అనుకో.

ఇక్కడ అంతా బాగానే ఉంది. వీధి చివరి చర్చి పియానోకి శ్రుతి చేశాను. చలికి దాని పై తీగలు పిల్లి పిల్లల్లా ఏడుస్తున్నాయి. వాన్ గరాజులో ఉంది. రాయ్ కిటికీ దగ్గర కూర్చుని రేడియో వింటున్నాడు.

మిస్ కార్బరీ అంటే గుర్తొచ్చింది. నిన్న పియానో మీద దుమ్ము దులుపుతుంటే కప్పు తగిలింది. ఏడాది పొడుగునా ఎవర్నీ ఏ సాయమూ అడగని పిల్లకిచ్చే కప్పు. ఆ ఏడు నీకే రావలసింది, మణికట్టు విరిగి ఆస్పత్రి గది ఎటు అని అడిగి పోగొట్టుకున్నావు, అది నాకొచ్చింది.

మాక్సీన్


లీడ్స్,
ఏప్రిల్ మూడో వారం

మాక్సీన్,

నీ నోట్లో పుండు పుట్ట. నువ్వన్నట్టే అయింది.

వారానికి ఒక్క పూట. టెమికి వారానికి ఒక్క పూట జీతం ఇస్తారట. ఎడిన్‌బరోకి ఏమీ లేదు. మాట్లాడే కంప్యూటర్ ఆ ఉత్తరాన్ని శవం లేచి చదివినట్టు చదివింది: "వేదిక మీదికి శబ్దాన్ని బట్టి స్వయంగా చేరుకోగలరు." నా జోకే! నా జోకుని ఇస్త్రీ చేసి మడతపెట్టి నాకే పంపారు. ఇంకా విను: "పడిన సందర్భంలో తోటి కళాకారుల సహకారం లభించింది." ట్రంపెట్ వాడు ఇన్నాళ్ళకి ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కాడు.

నవ్వకు. నేను మాత్రం నవ్వాను, తర్వాత వంటింట్లో ఒక ప్లేటు పగలగొట్టాను.

టెమికి ఒక పెద్ద ఓడలో పని వచ్చింది. షికారు ఓడ, పాటలూ నాటకాలూ, తిండీ పడకా అన్నీ వాళ్ళవే. "మీరు ఉండమంటే ఉంటాను గేనర్, కానీ అద్దె ఎవరు కడతారు?" అంది. ఆ పిల్ల తప్పేముంది? జూన్ ఆఖరుకల్లా ఓడవాళ్ళకి జవాబివ్వాలట. ఎడిన్‌బరో హాలుకి నేను ఖాయం చెయ్యాల్సిందీ అప్పటికే. టెమి లేకుండా ఆ ఊళ్ళో ఆ మెట్లూ, ఆ గుంపులూ, తెల్లారితే పోస్టర్లు పంచడమూ నా వల్ల కాదు. ఈ ఏడు వదిలేస్తే మళ్ళీ నన్నెవరు పిలుస్తారు?

ఆ ఆఫీసులో మనుషులున్నారా, మరబొమ్మలున్నాయా?

గేనర్


లడ్లో,
ఏప్రిల్ చివర

గేనర్‌కి,

ఆఫీసుని తిట్టకు. నువ్వు చెప్పిందే వాళ్ళు రాశారు.

నువ్వు ఫోన్లో మాట్లాడలేదే తల్లీ, ఆట ఆడావు. టిక్కెట్లమ్ముకునేటప్పుడు "నాకు రానిదేముంది!" అనాలి. ఇక్కడ నీకు ఏది రాదో చెప్పాలి. నీ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ ఇదే తప్పు చేస్తారనుకుంటాను. ఎవడు ప్రశ్న వేసినా ప్రేక్షకుడే అనుకుంటారు.

మళ్ళీ పరిశీలించమని అడిగే వీలుంటుంది. అడుగు. నీ అన్నిటికంటే మంచి రోజు కాదు, అన్నిటికంటే చెడ్డ రోజు చెప్పు. అది కూడా జోకు లేకుండా. ఒక్క అరగంట నవ్వించకుండా ఉంటే చచ్చిపోవు.

చర్చి వాళ్ళు మళ్ళీ పిలిచారు, పెళ్ళి ఉందట. పక్క వీధి బళ్ళో పియానో కూడా చేశాను, పిల్లలు మీటల సందులో బిస్కెట్లు కుక్కారు. రాయ్‌కి కాస్త నలతగా ఉంది.

మాక్సీన్


లీడ్స్,
మే నడుమ

మాక్సీన్,

నీ ఉత్తరం చదివి నీతో వారం రోజులు మాట్లాడకూడదనుకున్నాను. ఉత్తరాలు రాసుకునేవాళ్ళకి అదెలా కుదురుతుందో తర్వాత తట్టింది.

చెత్తడబ్బా కథ గుర్తుందా? సముద్రం ఒడ్డున ఒక హాల్లో ఆట దిగి, తప్పు తలుపు తీసి పెరట్లోకి పోయి, చెత్తడబ్బాని మేనేజరనుకుని నా డబ్బులు అడగడం, అది మియావ్ అనడం. ఆ కథతో ఎన్ని ఊళ్ళని నవ్వించానో. నీకూ అలాగే చెప్పాను.

ఆ కథలో పిల్లి లేదు మాక్సీన్. జనవరి, మధ్యాహ్నం ఆట. వెనక తలుపు బయటినుంచి తెరుచుకోదు. నేను చేతుల్లేని గౌనులో ఉన్నాను. కోటూ, కర్రా, ఫోనూ అన్నీ లోపల. తలుపు బాదాను. లోపల బాండు మోగుతోంది. గోడ తడుముకుంటూ పోతే కాళ్ళకి మెట్లు తగిలాయి, ఎక్కడికి దిగుతాయో తెలియక అక్కడే కూలబడ్డాను. వాన మొదలైంది. లోపల నా తర్వాతివాడికి జనం పడీపడీ నవ్వుతున్నారు. నవ్వులు వినిపించే వైపు నడుస్తానని గొప్పగా చెప్పాను కదా, ఆ రోజు నవ్వులు గోడకి అవతల ఉన్నాయి.

ఆట ముగిశాక చెత్త పారబొయ్యడానికి వచ్చినావిడ "అయ్యో తల్లీ, ఇక్కడేం చేస్తున్నావు?" అంది. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే "కాస్త గాలికి వచ్చానండీ" అన్నాను! ఆ తర్వాత ఏడాది పాటు గొంతు బాగాలేదని చెప్పి కొత్త హాళ్ళన్నీ వదులుకున్నాను. నాకు భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు, నీక్కూడా.

మొన్న ఇది ఎల్ఫిక్‌కి చెప్పాను. టెమి పక్కన కూర్చుని నా మోచెయ్యి పట్టుకుంది. చెత్తడబ్బా దగ్గరికొచ్చేసరికి పిల్లి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన నవ్వలేదు. చాలాసేపు టైపు కొట్టే చప్పుడే వినిపించింది.

"ఇది మొదటిసారి ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు.

"నవ్వించకపోతే మీరు ఫోన్ పెట్టేస్తారేమోననండీ."

అది జోకు కాదు మాక్సీన్. నేనెప్పుడూ అంత నిజం చెప్పలేదు. ఆయన మెల్లగా, "నేను పెట్టెయ్యను, మీరు చెప్పండి" అన్నాడు. అప్పుడు అన్నీ చెప్పాను. ఇంకా జవాబు రాలేదు.

ఇక నీ సంగతి. జోకులు గుర్తుపెట్టుకుని బతికేదాన్ని, ఎవరేమన్నారో నేను మర్చిపోను. వీధి చివరి చర్చి. పక్క వీధి బడి. మళ్ళీ చర్చి. కొండల మీది పొలాల ఇళ్ళన్నీ ఏమయ్యాయి? నువ్వు కన్నకూతురిలా చూసుకునే ఆ కచేరీ హాలు పెద్ద పియానో ఏమైంది? కొత్త ఏడాది మొదలైన దగ్గర్నుంచీ నీ ఉత్తరాల్లో నడిచి వెళ్ళే దూరంలో ఉన్న పియానోలే మోగుతున్నాయి. ఏ గరాజులోనైనా వాన్ అన్ని నెలలు ఉంటుందా?

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదట. చెప్పు.

గేనర్


లడ్లో,
మే చివర

గేనర్‌కి,

ఆ పెరటి సంగతి రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళూ దానికి నేను నవ్వాను.

నా పియానోల జోలికి రాకు. నేను బాగానే ఉన్నాను. ఆ సాయాలు నాకంటే అవసరమున్నవాళ్ళకి.

మాక్సీన్


లీడ్స్,
జూన్ నడుమ

మాక్సీన్! మాక్సీన్! మాక్సీన్!

ఇచ్చారు! అడిగిందంతా ఇచ్చారు! టెమికి వారంలో నాలుగు రోజులు, ఎడిన్‌బరో నెలంతా రోజూ, కొత్త హాళ్ళకి వెళ్ళడానికి టాక్సీ. మాట్లాడే కంప్యూటర్ అదే శవం గొంతుతో చదివింది. అంత తియ్యటి శవాన్ని నేను వినలేదు. మూడుసార్లు చదివించుకున్నాను. టెమి ఓడవాళ్ళకి ఫోన్ చేసి రానని చెప్పి, ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ చుట్టి గంతులేసింది. కింది వాటావాళ్ళు చీపురుకర్రతో వాళ్ళ పైకప్పు పొడిచారు. హాలుకి ఖాయం చేశాను. పోస్టరు మీద నా మొహం పెద్దదిగా వేస్తున్నారట, ఎలా ఉందో నాకెవరూ నిజం చెప్పరు.

ఇంక విను. నీకంటే అవసరమున్నవాళ్ళు అన్నావు. పాతికేళ్ళకి పైగా పియానోలు బాగుచేస్తూ సొంత కాళ్ళ మీద బతికిన మనిషి ఇంట్లో కూర్చుంటే, అంతకంటే అవసరం ఎలా ఉంటుంది? ఆ మాట నీది కాదు, మిస్ కార్బరీది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయింది, నువ్వింకా ఆవిడ కప్పుకి దుమ్ము దులుపుతున్నావు. అడగనిదే అమ్మైనా పెట్టదే పిచ్చిదానా. నాతో అడిగించింది నువ్వు!

ఆ ఆఫీసు నంబరు ఈ కాయితం వెనక కొట్టాను. దాని మీద టీ ఒలకబోశావో, బస్సెక్కి వచ్చి మరీ తంతాను.

నీ
గేనర్


లడ్లో,
జూలై మూడో వారం

గేనర్,

రాయ్ పడుకున్నాడు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఈ బ్రెయిల్ మిషన్ చప్పుడుకి లేస్తే నేను ఏడుస్తున్నది తెలిసిపోతుంది.

రాయ్ లైసెన్సు తిరిగిచ్చేశాడు. కిందటి అక్టోబరులో. చూపు నడుమ మచ్చ పడింది, అంచుల్లోనే కాస్త కనిపిస్తుందట. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి ఒక్క పిల్లిని కూడా తొక్కని మనిషి. "ఎవరికీ చెప్పకు మాక్స్" అన్నాడు. చెప్పలేదు. కొండల మీది ఇళ్ళవాళ్ళకి నాకే తీరిక లేదని చెప్పాను. అక్కడికి బస్సు పోదు, ఇన్నేళ్ళూ నా పనికి చక్రాలు రాయ్ ఒక్కడే. కచేరీ హాలు వాళ్ళు రెండుసార్లు పిలిచి, వేరేవాణ్ణి పెట్టుకున్నారు. వాడు నా పియానోని ఎలా శ్రుతి చేశాడో రేడియోలో కచేరీ వస్తుంటే విన్నాను. కట్టేశాను.

ఇంకో ఆరు నెలలు ఇలాగే గడిస్తే పనిముట్ల పెట్టె అమ్మేద్దామనుకున్నాను. నీకు తెలియనివ్వకుండానే.

నీ నంబరుకి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి. నిదానంగా, మర్యాదగా అడుగుతోంది. నేను నీలా జోకులెయ్యలేదు. ఇంకా ఘోరం, "పర్వాలేదండీ, సర్దుకుంటున్నాను" అని నాలుగుసార్లు అన్నాను. నీకు నీతులు చెప్పిన నోటితోనే. అప్పుడా అమ్మాయి అడిగింది: "ఎవర్నీ అడగకుండా, మీ అంతట మీరు పనికి ఎంత దూరం వెళ్ళగలరండీ?"

"వీధి చివరిదాకా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే తెలిసింది గేనర్. ఇంత చిన్నదైపోయిందా నా పని అనిపించింది. ఆ తర్వాత ఏమీ దాచలేదు. పొలాల ఇళ్ళూ, హాలూ, రాయ్ కళ్ళూ అన్నీ చెప్పాను.

రాయ్ అలిగాడు. "ఇంకొకడి టాక్సీలో వెళ్తావా?" అన్నాడు. "నీ పక్క సీటు తప్ప ఇంకేదీ నాకొద్దు, కానీ పియానోలు కావాలి" అన్నాను. మొహం తిప్పుకుని కిటికీ వైపు వెళ్ళాడు. నిన్న మాత్రం ఆ ఆఫీసువాళ్ళు ఎప్పుడు చెప్తారని అడిగాడు.

పరాయివాళ్ళ ముందు చెయ్యి చాచినట్టుంటుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. అలా లేదు. ఎవరో కుర్చీ కాస్త జరిపి చోటిచ్చినట్టుంది.

నీ మాక్సీన్


ఎడిన్‌బరో,
ఆగస్టు నడుమ

నా మాక్సీన్,

ఇప్పుడే ఆట దిగాను. గొంతు పోయింది, ఈసారి నిజంగానే.

మొదటి వారం జనం పలచగా ఉన్నారు. ముందు వరసలో వానకి తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళే. టెమి పొద్దుటినుంచీ నా చెయ్యి పట్టుకుని ఆ ఏటవాలు రాళ్ళ వీధుల్లో తిప్పుతూ కాయితాలు పంచింది. "గుడ్డిదాని జోకులు, కనిపించినంత మేర నవ్వండి!" అని నేను అరుస్తుంటే జనం ఆగేవాళ్ళు. రెండో వారానికి మెట్ల మీద నిలబడ్డారు.

ఈ రోజు పెరటి కథ చెప్పాను. పిల్లి లేకుండా. చలీ, వానా, గోడకి అవతల నవ్వులూ, ఉన్నది ఉన్నట్టు. హాలు నిశ్శబ్దమైపోయింది. నాకు తెలిసిన భయాలన్నిట్లోకీ పెద్దది అదే కదా, నిశ్శబ్దం. చెవిలో టెమి, "ఎవరూ లేవడం లేదు. అందరూ మీ వైపే చూస్తున్నారు. ఆగండి" అంది. ఆగాను. తర్వాత ఎల్ఫిక్ ఆఫీసు ఉత్తరాన్ని ఆ శవం గొంతుతో అప్పజెప్పాను: "పడిన సందర్భంలో తోటి కళాకారుల సహకారం లభించింది."

హాలు పైకప్పు ఎగిరిపోయిందే! నవ్వులు నా పాదాల కింద చెక్కల్లోకి దిగాయి. మళ్ళీ మొదలుపెట్టబోతే మళ్ళీ నవ్వారు. చివరికి చప్పట్లు ఆగక నేను ఎటు వంగి దణ్ణం పెట్టాలో తెలియక గోడకి పెట్టాను. టెమి చెవిలో ఏడుస్తూ "కుడివైపు, కుడివైపు" అంటోంది.

అందరూ లేచి నిలబడ్డారట మాక్సీన్. టెమి చెప్పకపోతే నాకెలా తెలిసేది? ఇన్నేళ్ళలో ఇంకెక్కడైనా నిలబడ్డారేమో, ఎవరూ చెప్పలేదు.

నీ జవాబు వచ్చిందా? వస్తే నాకంటే ముందు ఎవరికీ చెప్పకు.

నీ
గేనర్


లడ్లో,
సెప్టెంబరు చివర

గేనర్,

నీ ఉత్తరాన్ని రాయ్‌కి పైకి చదివాను. "గోడకా దణ్ణం పెట్టింది!" అని తల్చుకుని తల్చుకుని నవ్వుతున్నాడు.

జవాబు వచ్చింది. టాక్సీ ఇచ్చారు, శ్రుతి పనికి ఎక్కడికి వెళ్ళినా. నీకంటే ముందు రాయ్‌కి చెప్పాను, తిట్టుకో.

డ్రైవరు పేరు నెవిల్. మొదటి రోజు రాయ్ గుమ్మం దాకా వచ్చి, "మలుపు దగ్గర మూడో గేరుకి దించు, కొండ మీద గొర్రెలుంటాయి" అని హెచ్చరించాడు. రెండో రోజు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ వస్తాడు. అంచు చూపుతో ఎడమవైపు దృశ్యాలన్నీ నాకు చెప్తాడు, మధ్యమధ్య నెవిల్ నడపడాన్ని తప్పుపడతాడు. నెవిల్ కూడా మాజీ బస్సు డ్రైవరేనట. ఇద్దరూ కొట్టుకుచస్తున్నారు. రాయ్ ఇంత సంతోషంగా ఉండి ఏడాదయింది.

కచేరీ హాలు వాళ్ళకి నేనే ఫోన్ చేశాను. "మళ్ళీ నాకిస్తారా?" అని అడిగాను. అడిగాను గేనర్! ఆ మేనేజరు, "మీరెక్కడికి పోయారండీ, వచ్చినవాళ్ళందరూ అదేంటి ఇలా మోగుతోందంటున్నారు" అంది. మొన్న వెళ్ళాను. మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టగానే నా పియానో వాసన వచ్చింది. ఆ ఇంకొకడు చేసిందంతా విప్పి, పొద్దు వాలేదాకా ఒక్కొక్క తీగా దారికి తెచ్చాను. చివరికి ఒక్కదాన్నే కూర్చుని, మన బళ్ళో నేర్చుకున్న పాట వాయించాను. గుమ్మం దగ్గర రాయ్ ముక్కు చీదుకున్నాడు, నెవిల్ కూడా.

నవంబరులో అదే హాల్లో నీ ఆట పెట్టించమని మేనేజరుని అడిగాను. అదీ నేనే అడిగాను. సరేనంది. టెమిని తీసుకురా. పియానో శ్రుతిలో ఉంటుంది, వంక పెట్టడానికి వీల్లేదు.

ఇంకొకటి. టాక్సీ రసీదులన్నీ నెలాఖరుకి ఆ ఆఫీసుకి పంపాలి, పోగొట్టుకోకూడదు. ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా తడుముతుంటే మిస్ కార్బరీ కప్పు చేతికి తగిలింది. అందులో వేస్తున్నాను. ఇన్నేళ్ళలో దాన్లో ఏదైనా వేయడం ఇదే మొదటిసారి. ఇప్పటికే సగం నిండింది.

నీ
మాక్సీన్